పడుగు మీద మొదటి చెయ్యి

మా మేనత్త కూతురు సుమిత్ర ఇరాన్ నుంచి ధర్మవరం వచ్చి మా ఇంట్లో దిగిందనీ, దిగిన పూట నుంచి ఆ ఇంట్లో నేనున్నట్టు ఎవరికీ గుర్తు లేకుండా పోయిందనీ పోయిన వారం చెప్పాను. చదవనివాళ్ళ కోసం ఇంకో నాలుగు ముక్కలు. మా మామ గంగాధరప్ప బెంగుళూరు మిల్లులో మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. అక్కడి నుంచి ఇరాన్‌లో ఇస్ఫహాన్ అనే ఊళ్ళో బట్టల మిల్లుకు పోయాడు. తర్వాత అత్త రత్నమ్మనూ సుమిత్రనూ పిలిపించుకున్నాడు. కిందటేడు మా అవ్వ పోయినప్పుడు అత్త ఒక్కతే వచ్చింది. ఆమె తిరిగి పోయేలోపు ఆ దేశంలో జనం రాజు మీద తిరగబడ్డారు. సమ్మెలు, కాల్పులు, కర్ఫ్యూలు. విమానాలు ఆగిపోయాయి. రాజు దేశం విడిచి పోయి, విమానాలు మళ్ళీ తిరిగాక, మామతో కలిసి పనిచేసే బెంగుళూరు శ్రీరంగప్ప కుటుంబంతో సుమిత్ర బొంబాయిలో దిగి రైల్లో వచ్చింది. సమ్మెలో మూతపడిన మిల్లు తెరిచాక మామ సెలవు తీసుకుని ఉగాదికి వస్తాడని చెప్పింది. ఆ ఉగాదికి ఇక వారమే ఉంది.

పోయిన వారం కథ మా నాయన అన్న ఒక్క మాట దగ్గర ఆగింది. కొత్త పడుగు తెచ్చి మగ్గం పక్కన దించి, చేతులు దులుపుకుంటూ అన్నాడు, "ఈతూరి మొదటి పోగు మన సుమిత్ర అతుకుతాది."

మగ్గం ఎరగనివాళ్ళకు ఇది పెద్ద మాటలా అనిపించదు. చీర నేయడం అయిపోయాక పాత పడుగు నిలువు పోగుల కొసలు మగ్గం మీదే మిగిలి ఉంటాయి. కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును తెచ్చి ఆ కొసలకు, వేళ్ళకు బూడిద అద్దుకుని, మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. అందులో మొదటి పోగు మా ఇంట్లో కన్నెపిల్ల అతుకుతుంది. దానికి ముందు ఒక ముత్తయిదువ పడుగుకు పసుపు కుంకుమ పెడుతుంది. మొదటి పోగు అతికిన పిల్లే ఆ పడుగు అయ్యేదాకా నాయన పక్కన పలక మీద కూర్చుని అవతలి అంచుకు అడ్డపోగు తీసుకుపోయే నాడె విసురుతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పలక నాది. బడిలో నా పేరు పిలిస్తే పక్క పిల్ల వెనక దాక్కునేదాన్ని. పదో తరగతి పాసయ్యేదాకా క్లాసులో నా గొంతు ఎవరూ విన్నట్టు లేదు. మగ్గం దగ్గర గొంతు అక్కర్లేదు. నాయన నాడె ఇటు వస్తే నా నాడె అటు పోతుంది. ఆయనకు నేను చెప్పగలిగిందంతా అట్లాగే చెప్పాను.

ఇప్పుడు అదీ సుమిత్రకే.

అప్పటికే ఆమెకు లేనిదేముంది? సాయంత్రమైతే మా వసారా నిండిపోయేది. పక్కింటి ఓబుళేసు తన మగ్గం ఆపి మరీ వచ్చి గోడకు ఆనుకునేవాడు.

"ఏమ్మా సుమిత్రా, ఆ రాజు యాడికి పోయినాడంట? యాడన్నా నిలిచినాడా ల్యాదా?"

"యాడా నిలకడ లేదంట మామా. ఈ దేశం ఆ దేశం తిరుగుతాండాడంట."

"చూస్తివా చౌడప్పా! రాజుకే బాడుగిల్లు దొరకల్యా. నువ్వేమో మిద్దె కడతానంటాండావు."

అందరూ నవ్వేవాళ్ళు. చౌడప్పంటే మా నాయనే. ఆయనా నవ్వుతూ, "ఆ మిద్దెల కత ఇంకోతూరి చెప్పమ్మా" అనేవాడు. ఆమె చెప్పేది. పొద్దుగూకి కర్ఫ్యూ పెట్టాక వీధిలో అడుగు పెడితే కాలుస్తారట. అందుకని ఊరు ఊరంతా మిద్దెలెక్కి, దీపాలార్పేసి, దేవుని పేరు గట్టిగా అరుస్తారట. ఒక మిద్దె మీద మొదలైంది ఊరి చివరిదాకా పోయి తిరిగి వచ్చేదట. ఇంటి యజమానురాలు ముసలామెతో పాటు సుమిత్ర కూడా ఎక్కి అరిచిందట.

"వాళ్ళ దేవుని పేరా? నువ్వూ అరిస్తివా?" అంది మా అమ్మ.

"ఆ చీకట్లో ఏ దేవుడైతే ఏమత్తా? ఒంటరిగా లేమని తెలిస్తే చాలు."

అబ్బ, ఎంత మాట అనిందో అని ఓబుళేసు తల ఊపాడు. ఆ మాట నేనూ అనగలను. నన్నెవరు అడిగారు? నేను పుట్టినప్పటి నుంచి పోయిన దూరమంతా హిందూపురం. నా బతుకులో ఒక్క తుపాకీ లేదు, ఒక్క మంచుగడ్డ లేదు, పారిపోయిన రాజు లేడు. బావిలో చేద అడుగుకు తగిలి చప్పుడు చేసింది అని చెబితే ఎవరైనా పని ఆపి వింటారా? సుమిత్ర నోరు తెరిస్తే మా నాయన మగ్గం ఆగేది. నాకు అన్నిటికన్నా గుచ్చుకున్నది అదే. నేను పరీక్ష పాసయ్యానని చెప్పిన రోజు కూడా ఆయన నాడె ఆగలేదు. "మంచిది" అని విసిరాడు.

ఆమె పొగరు మాత్రం నాకొక్కదానికే కనిపించేది. దేవుని మూలకు వచ్చేది కాదు. సాయంత్రం దీపం వెలిగించమని అమ్మ అంటే, "నువ్వు పెట్టు నాగీ" అని నాకు చెప్పి లేచి పోయేది. పూలు కోసిస్తే పక్కన పెట్టేది. చౌడేశ్వరమ్మ పటానికి అందరం దండం పెట్టుకుంటుంటే వాకిట్లో నిలబడి ఆకాశం చూసేది. అమ్మ దాన్ని అలవాటు తప్పడమని అనుకుంది. నేను బయటి దేశపు కొవ్వు అని పేరు పెట్టాను.

పడుగు అతకాల్సిన రోజు పొద్దున్నే మగ్గం కడిగి, ముగ్గు వేసి, అమ్మ టెంకాయ పీచు తీస్తోంది. నేను బూడిద జల్లిస్తున్నాను, ఇంకెవరి వేళ్ళకో అద్దడానికి. సుమిత్ర గడప అవతల నిలబడింది.

"అత్తా, నేను లోపలికి రాకూడదు. దూరముండాను."

"అయ్యో! ఈ పొద్దేనా?" అమ్మ చేతిలో పీచు ఆగింది. "సరే, దొడ్లో కూర్చోపో. నీళ్ళూ అవీ నాగి ఇస్తాది."

నాయన పడుగు కొసలు సర్దాడు. తర్వాత నావైపు చూశాడు. "అయితే నువ్వే అతుకు. ఇంకేం చేస్తాం" అన్నాడు.

ఇంకేం చేస్తాం అట. నా చోటు నాకు తిరిగి వచ్చింది, కాని మిగిలిన అన్నం పెట్టినట్టు వచ్చింది. జల్లెడ అక్కడే వదిలేసి దొడ్లోకి పోయాను. సుమిత్ర బట్టలుతికే బండ మీద, మోకాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చుని ఉంది. నేను మామూలుగా అయితే నీళ్ళ చెంబు పెట్టి వచ్చేసేదాన్ని. ఆ రోజు మాట ఎట్లా వచ్చిందో తెలియదు.

"నువ్వు దూరం లేవు, వదినా."

"ఏంది?"

"అబద్దం చెప్పినావు. పోయిన వారమే గదా నువ్వు ఈడ కూర్చునింది? నీ గుడ్డలు ఈ బండ మీదే ఉతికితివి. నేనే నీళ్ళు చేది పోస్తిని. మనమిద్దరం పండుకునేది ఒకే చాప మీద. నాకు తెలీదనుకుంటివా?"

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది.

"మా మగ్గం ముట్టేకి నీకు నామోషీ. ఆడ కరెంటు మగ్గాలు చూసి వచ్చినదానివి. మా గుంట మగ్గం నీ కంటికి ఆనుతాదా? దీపం ముట్టవు. అమ్మవారికి దండం పెట్టవు. మా నాయన అంత మురిపెంగా పిలిచి చోటిస్తే, ఆ చోటు కూడా నీకు వద్దు. వద్దనేదానివి ఆ పొద్దే వద్దనకూడదా? నేను ఇన్నాళ్ళు ఏడ్చింది ఎందుకు మరి?"

"అది నీ చోటే నాగీ. నేనెప్పుడన్నా అడిగితినా?"

"అడగకుండానే ఇస్తారు నీకు. నా ఏడుపంతా అదే."

ఆమె నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. బండ మీద ఎండిన సబ్బు మరకను గోటితో గీకుతూ చాలా మెల్లగా అడిగింది.

"చావు మైల ఉన్నోళ్ళు పడుగు ముట్టొచ్చునా నాగీ?"

"అవ్వది ఎప్పుడో తీరిపోయె గదా!"

"అవ్వది కాదు."

దొడ్డి గోడ అవతల ఎవరో గొర్రెల్ని తోలుకుపోతున్నారు. ఆ గంటలు దూరమయ్యేదాకా నాకు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చుండిపోయాను.

"మామ?" అన్నాను.

"ఇంట్లో కిరసనాయిలు అయిపోయింది. చలికి చేతులు కొంకర్లు పోతాండె. క్యూలో నిలబడితే దొరుకుతాదంట పో నాయనా అని నేనే అంటి. క్యాను పట్టుకొని పోయినాడు. తుపాకులు పేలినాయి. ఆడ దినామూ పేలేటివే గదా. నేను పప్పుకు తిరగవాత పెడతాంటి." వసారాలో కథ చెప్పినప్పుడు పలికిన ఏ రాగమూ ఆ గొంతులో లేదు. "పొద్దుగూకినా రాల్యా. పొద్దున ఆసుపత్రిలో పనిచేసే మలయాళం నర్సమ్మ వచ్చింది. శ్రీరంగప్ప మామను పిలుచుకొని పోయింది. నన్ను రానీల్యా. ఆడనే పూడ్చినారు."

"మరి కబురు... తంతి ఏమీ..."

"ఏ ఆఫీసు తెరిచి ఉండాది నాగీ? తంతిలేదు, ఫోనులేదు. ఆ ఊళ్ళో పోయినోళ్ళందరికీ పటాలు కట్టి, పూలేసి, వీధుల్లో ఊరేగించినారు. మిద్దె మీంచి చూస్తిని. ఎంతమంది పటాలో. మా నాయన పటం ఎవురూ పట్టుకోల్యా. ఆయప్ప వాళ్ళ మనిషి కాదు గదా. కిరసనాయిలుకు పోయిన పరాయోడు."

నేను ఆమె చెయ్యి పట్టుకోవాలి. పట్టుకోలేదు. ఏడుపు రావాలి. రాలేదు. నాకు ముందుగా వచ్చింది ఆ పాత మంటే. ఇంత పెద్ద సంగతి కూడా ఆమెకేనా, నెల రోజులు ఒకే చాప మీద పండుకుని ఇంతటిది కడుపులో పెట్టుకుని, పొద్దున లేచి ఓబుళేసును నవ్వించగలిగిందా, అని. నాకైతే గంటసేపు దాగేది కాదు. ఆమె దగ్గర నాకు లేనిది ఇంకొకటి బయటపడింది.

"అత్తకు ఎందుకు చెప్పల్యా?"

"గుంతకల్లులో రైలు మారేటప్పుడు శ్రీరంగప్ప మామ, నేనూ వస్తా, పెద్దోళ్ళకు నేను చెప్తా అనె. నేనే వద్దంటి. నేను చెప్తాలే అంటి. బొంబాయి నుంచి వస్తాండామని తంతి ఇస్తిమి గదా, ఈడ దిగితే స్టేషన్లో అమ్మ ఎదురొచ్చె. తలనిండా కనకాంబరాలు. నన్ను సరిగ్గా చూడను కూడా చూడల్యా. నా వెనకాల ఎవరు దిగుతారో అని రైలుపెట్టెలోకే చూస్తాండె. ఉగాదికి వస్తాడమ్మా అంటి. ఆ మాట నేను అనుకోల్యా. నోట్లోంచి వచ్చేసె." గోటితో గీకడం ఆపింది. "కర్మ చేయంది ఆ మైల యెట్ల పోతాదే? దీపం ముడితే ఏమైతాదో అని భయం. పడుగు ముడితే మీ ఇంటికి ఏమైతాదో అని భయం. మీ నాయన మొదటి పోగుకు పిలిచినప్పుడు నాకు చావాలనిపించె."

"నాగీ!" లోపలి నుంచి నాయన కేక. "యాడ పోతివే? మంచి టయిము దాటిపోతాది!"

సుమిత్ర నా ఓణీ కొస పట్టుకుంది. "పండగ దాటనీ నాగీ. ఎవురికీ చెప్పొద్దు."

"పండగ దాటితే ఏం చేస్తావు?"

ఆమె నా ఓణీ కొస వదిలేసింది.

నేను కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాను. మగ్గం గుంట చుట్టూ అందరూ ఉన్నారు. ఓబుళేసు కూడా కొత్త పడుగు చూడటానికి వచ్చాడు. మంచి పడుగు. చిలకపచ్చ, ఎండ తగిలిన చోట బంగారం దిగినట్టుంది. నాయన నన్ను చూసి పలక మీద చెయ్యితో తట్టాడు. "రావే. నీ పంతమే నెగ్గె గదా" అన్నాడు. ఆ ఒక్క తట్టు కోసం నేను నెల రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇప్పుడు దాని మీద కూర్చుంటే ముళ్ళ మీద కూర్చున్నట్టుంది.

"ముందు పసుపు కుంకుమ," అంది అమ్మ. "వదినా, రాండి. ఈతూరి మీ చెయ్యే."

అత్త వంటింటి వైపు నుంచి వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. తల నిండా పూలు. రెండు చేతులతో పళ్ళెం పట్టుకుని కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడుతోంది.

"నేనెందుకు వదినా, నువ్వుండంగా?"

"పడుగు నీకేనే," అన్నాడు నాయన. "చెప్పకూడదనుకుంటి. బావ వచ్చేసరికి నేసి పుట్టింటి చీర పెడదామని. మొదటి చెయ్యి నీది పడితే మంచిది."

అత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆయనకు ఈ పచ్చ అంటే శానా ఇష్టం" అంది. ఓబుళేసు దగ్గాడు. "బావ వస్తే మనకేం తెస్తాడో అడగమ్మా రత్నమ్మా! రాజు పారిపోతా పారిపోతా కిరీటం గినా పారేసుకున్నాడేమో!"

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వుతూ వంగింది. రెండు వేళ్ళు కుంకుమలో ముంచింది.

ఆ చెయ్యి పడుగు మీద పడితే ఏమవుతుందో నాకు తెలియదు. ఏమీ కాకపోవచ్చు. కాని ఒకరోజు అత్తకు నిజం తెలుస్తుంది. అప్పటికి ఈ ఇంట్లో ఒకరికి జ్వరమొచ్చినా, ఒక పోగు తెగినా, తన చేతి వల్లే అనుకుంటుంది. ఎవరూ అనకపోయినా అనుకుంటుంది. బతికినంతకాలం ఆ రెండు వేళ్ళు చూసుకుంటుంది. ఇదంతా ఇంత వరసగా అప్పుడు ఆలోచించలేదు. నా చేతులు ముందుకు పోయాయి. అత్త చేతుల్లోంచి పళ్ళెం లాక్కున్నాను.

"నేను పెడతా."

"ఏందే ఇది!" అమ్మ అదిరిపడింది. "కన్నెపిల్లవు, ముత్తయిదువలు పెట్టేది నువ్వెట్ల పెడతావు? ఇయ్యి ఇట్ల!"

"ఇయ్యను." పళ్ళెం రొమ్ముకు అదుముకున్నాను. కుంకుమ ఓణీకి అంటుకుంది. నా నోట్లోంచి వస్తున్న గొంతు నాది కానట్టుంది. "మొదటి పోగు సుమిత్రకు ఇస్తిరి. పడుగు అత్తకు ఇస్తిరి. పసుపు కుంకుమ అత్తకే. ఈ ఇంట్లో నాకంటూ ఏమీ ల్యాదా? ఈతూరి అన్నీ నేనే చేస్తా. అత్త ముట్టకూడదు."

ఆ మాటల్లో ఒక్కటీ అబద్దం కాదు. నెల రోజులుగా లోపల నలుగుతున్నవే, అరగకుండా ఉన్నవే. కాకపోతే వాటిని నేను అప్పుడు బయటికి అన్న కారణం అది కాదు.

"అబ్బా! నోట్లో నాలుక ల్యాదనుకుంటిమే చౌడప్పా, నీ బిడ్డకు!" అన్నాడు ఓబుళేసు.

నాయన లేచాడు. ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఆ రోజూ కొట్టలేదు. దగ్గరికి వచ్చి, నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఇంత ఓర్వలేనితనమా నీకు? మొగుడు పరాయి దేశంలో ఉండాడని దిగులుపడేదాని చేతిలోంచి గుంజుకుంటివే! సిగ్గు ల్యా? నా మగ్గం మీద ఇంక కూర్చోవద్దు. లే. దిగు."

నిజం చెప్పాలంటే ఒక్క మాట చాలు. చెబితే నా పలక నాకు మిగులుతుంది. చెప్పలేదు. పళ్ళెం వదలకుండానే పలక దిగాను. అమ్మ తిడుతూనే ఉంది. నేను ఎవరి మొహమూ చూడకూడదని తల వంచుకున్నాను. కాని వంచుకునే ముందు నా కళ్ళు అత్త మెడ మీదికి పోయాయి. పుస్తెల మీద. ఎంత ఆపుకున్నా పోయాయి, అక్కడే నిలిచిపోయాయి.

అత్త అది చూసింది.

"వదినా, ఆ పిల్లను ఏమీ అనొద్దు," అంది. చాలా నెమ్మదిగా అంది. ఆమె చెయ్యి మెల్లగా పైకి లేచి, నేను చూసిన చోటికి పోయి, పుస్తెలను గుప్పిట్లో మూసింది. "నాగీ, ఈడ ఏం చూస్తాండావే నువ్వు?"

నేను పళ్ళెంలోకి తల దించుకున్నాను. అత్త నా జవాబు కోసం ఎదురుచూడలేదు. దొడ్డి తలుపు వైపు తిరిగింది. నా కేకలు విని సుమిత్ర అక్కడికి వచ్చి, గడప దాటకుండా, తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉంది.

"సుమిత్రా, ఇన్ని కతలు చెప్తివి. మిద్దెలు చెప్తివి, మంచు చెప్తివి, రాజు సంగతి చెప్తివి," అంది అత్త. "నువ్వు విమానమెక్కే పొద్దు మీ నాయన నీకేం చెప్పి పంపించినాడే? ఆ మాట ఒక్కటి నువ్వు చెప్పనేల్యా. నాకు ఏమని చెప్పమన్నాడు?"

ఓబుళేసు నవ్వు మొహం మీదే ఆగిపోయింది. నాయన ఒకసారి సుమిత్రను, ఒకసారి తన చెల్లెలి గుప్పిటిని చూశాడు. సుమిత్ర పెదాలు కదిలాయి. ఎప్పుడూ ఆగని ఆ నోరు ఆగిపోయింది.

నెల రోజులుగా మా ఇంటిల్లిపాదీ ఆమె నోటివైపే చూశారు. ఆమె ఇప్పుడు నా నోటివైపు చూస్తోంది.